నూనె తగ్గినా రుచి తగ్గని బంగాళాదుంప

మా నాన్నగారికి 74 ఏళ్లు. ఆదివారం భోజనంలో బంగాళాదుంప వేపుడు లేకపోతే ఆయనకు తృప్తి ఉండేది కాదు. నిరుడు రక్తపుపోటుతోపాటు రక్తంలో కొవ్వు కూడా పెరిగిందని తేలడంతో వైద్యులు వేపుళ్లు మానమన్నారు. ఆయన మారుమాట లేకుండా మానివేశారు. కాని దానితోపాటు అన్నమూ సగానికి తగ్గించారు. ఆహారంపై రుచి పోవడాన్ని ఆయుర్వేదం 'అరోచకం' అనే వ్యాధిగానే పరిగణించింది. పథ్యం ఎంత మంచిదైనా నోటికి సహించకపోతే ప్రయోజనమేమి?

మా అమ్మాయి పాలు, పెరుగు, నెయ్యి సైతం విడిచిపెట్టిన శాకాహారి. తాతగారికీ తనకూ పనికివచ్చే వంటకం చేయమని, అటకపై ఉన్న ఓవెన్‌ను దింపించింది.

మొదటిసారి పచ్చి ముక్కలకు నూనె పట్టించి, పళ్లెం నిండా కుక్కి పెట్టాను. అవి తమ ఆవిరిలో తామే ఉడికి మెత్తబడ్డాయి గాని కరకరలాడలేదు. నాన్నగారు ఒక ముక్క తిని "బాగానే ఉందమ్మా" అని పళ్లెం పక్కకు జరిపారు. ఆ 'బాగానే' అన్న మాట నన్ను చాలా బాధించింది.

ఆలోచించగా విషయం బోధపడింది. వేపుడు రుచి నూనె పరిమాణంలో లేదు. ముక్క పైభాగంలోని తడి ఆరి, వేడికి ఎర్రబడడంలో ఉంది. పూర్వం పొయ్యి కుమ్ములో కాల్చిన చిలగడదుంపకు చుక్క నూనె లేకున్నా ఎంత రుచి!

తయారు చేయు విధానం: నలుగురికి అర కిలో దుంపలు చాలును. చెక్కు తీసి, అంగుళం ముక్కలుగా తరిగి, చిటికెడు పసుపు వేసిన మరిగే నీటిలో 8 నిమిషాలు ఉడికించవలెను. నీరు పూర్తిగా వార్చి, గిన్నెపై మూతపెట్టి రెండుసార్లు కుదిపినచో అంచులు గరుకెక్కును. ఆ గరుకే తరువాత కరకరలాడును. మూత తీసి, ఆవిరి పోయేవరకు ఆరనిచ్చి, రెండు పెద్ద చెంచాల వేరుశనగ నూనె, అర చెంచా జీలకర్ర పొడి, పావు చెంచా మిరియాల పొడి, చిటికెడు ఇంగువ, కొద్దిగా ఉప్పు పట్టించవలెను. ముందుగా 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన ఓవెన్‌లో, ముక్కకు ముక్క తగలకుండా ఒకే వరుసగా పరచి, 35 నుండి 40 నిమిషాలు కాల్చవలెను. సగంలో ఒకసారి తిరగవేయవలెను. వెల్లుల్లి త్వరగా మాడును గనుక చివరి 10 నిమిషాలలోనే చేర్చవలెను. దింపిన తరువాత నిమ్మరసం పిండితే తక్కువ ఉప్పు లోటుగా తోచదు.

బంగాళాదుంప చరక, సుశ్రుత సంహితలలో కానరాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతంలో పుట్టిన ఈ దుంపను మన దేశానికి పోర్చుగీసువారు తెచ్చారు. నేటి ఆయుర్వేద వైద్యులు దీనిని గురువుగా, వాతాన్ని పెంచేదిగా చెబుతారు. జీలకర్ర, ఇంగువ, మిరియాలు చేర్చడం రుచికి మాత్రమే కాదు, జీర్ణానికి తోడ్పడుటకు కూడా.

జాగ్రత్తలు: పచ్చబారిన దుంపలను, మొలకలెత్తిన దుంపలను వాడరాదు. ముక్కలు బంగారు రంగు రాగానే దింపవలెను. పిండి పదార్థాలు 120 డిగ్రీలు దాటిన వేడిలో ఎర్రబడినపుడు ఆక్రిలమైడ్ అనే హానికర పదార్థం ఏర్పడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఎంత నల్లబడితే అంత ఎక్కువ. మధుమేహం ఉన్నవారు పరిమితంగా, అన్నం తగ్గించుకొని తినవలెను. ఈ దుంపలో పొటాషియం అధికం గనుక మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే తినరాదు.

తరువాతి ఆదివారం ఇలాగే చేసి వడ్డించాను. నాన్నగారు అన్నం మారు అడిగి, "ఇంకో నాలుగు ముక్కలు వేయమ్మా" అన్నారు. నేను రెండే వేశాను. ఆయన నవ్వారు.