చప్పట్లు కూతకే... మరి పట్టుకు?

కేయూ గ్రౌండ్‌లోనో, మీ కాలేజీ వెనక మట్టి కోర్టులోనో కబడ్డీ జరుగుతుంటే ఓసారి నిలబడి చూడండి. కూతకెళ్లే కుర్రాడి పేరు గ్రౌండ్ చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు. అతను గీత దాటగానే ఈలలు మొదలవుతాయి. అవతల ఎడమ మూలన నడుం వంచి, రెండు చేతులూ మోకాళ్ల దగ్గర పెట్టుకుని ఉలుకూ పలుకూ లేకుండా కాచుకున్నవాడి పేరేంటని అడగండి. ‘వాడా... కార్నర్ ఆడతాడు’ అంటారు. అంతే!

ఈ వారం మాటలన్నీ ఆ కార్నర్ కుర్రాడి గురించే. ఆ కుర్రాడు మీరే అయితే ఇంకా మంచిది. డిగ్రీ ఫైనలియర్‌కి వచ్చేశారు. ఆట కొనసాగించాలా, మానేసి కోచింగ్‌లో చేరాలా అన్నది తేలడం లేదు. ఇంట్లోనూ రోజూ అదే ప్రశ్న. పైగా మీరు రైడర్ కూడా కాదు, డిఫెండర్. మిమ్మల్ని ఎవరు గుర్తిస్తారన్న బెంగ ఒకటి. ఈ బెంగలో సగం నిజమే. మిగతా సగం గురించి మాట్లాడుకుందాం.

లెక్కలోకి రాని పని

కూతకు 30 సెకన్లు. రైడర్ వచ్చాడు, అటూ ఇటూ ఊగాడు, బాక్ లైన్ దాటి వెనక్కి వెళ్లిపోయాడు. పాయింట్ ఎవరికీ రాలేదు. చూసేవాళ్లకు అది ఖాళీ కూత. కానీ ప్రొ కబడ్డీలో వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే, మూడోది ‘డూ ఆర్ డై’. పాయింట్ తేకపోతే రైడర్ అవుట్. అంటే ఆ రెండు కూతల్లో తొందరపడి దూకకుండా ఓపిక పట్టిన డిఫెండర్లే మూడో కూతలో రైడర్ మెడమీద కత్తి పెట్టారన్నమాట. ఇది ఏ స్కోర్‌బోర్డులోనూ కనిపించదు. అదే డిఫెండర్ అర సెకను ముందు దూకి పట్టు జారిపోయిందనుకోండి. ఎదుటి జట్టుకు పాయింట్, తను కోర్టు బయటికి. ఒప్పు చేస్తే లెక్కలేదు గానీ, తప్పు చేస్తే అందరికీ కనిపిస్తుంది. డిఫెండర్ బతుకే అంత!

అందుకే కుర్ర డిఫెండర్లు తేలడానికి టైమ్ పడుతుంది. వేగం, ఎగిరే సత్తా పద్దెనిమిదేళ్లకే కంటికి ఆనతాయి. రైడర్ నడుం ఎటు తిరుగుతోందో చూసి, పక్కనున్న కవర్ ఆటగాడు ఎప్పుడు కదులుతాడో లెక్కేసి, అప్పుడు చీలమండ అందుకోవడం మాత్రం వందల కూతలు చూశాకే వస్తుంది.

మంచు మీద కూడా ఇదే కథ

మనకు ఐస్ హాకీ అంటే లద్దాఖ్ గుర్తొస్తుంది. ఎక్కువగా అక్కడి అమ్మాయిలతో నిండిన భారత మహిళల జట్టు 2025లో యూఏఈలో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది కూడా. ఆ ఆటలో ‘డిఫెన్సివ్ డిఫెన్స్‌మ్యాన్’ అని ఒకడుంటాడు. గోల్స్ కొట్టడం అతని పని కాదు. దూసుకొచ్చే ఫార్వర్డ్‌కు ఎదురుగా వెనక్కి స్కేటింగ్ చేస్తూ, మధ్య దూరం తగ్గనివ్వకుండా, పెరగనివ్వకుండా, అతణ్ని మెల్లగా గోడవైపు నెట్టుకుపోవాలి. అచ్చం మన కార్నర్‌లాగే తొందరపడితే మునిగినట్టే.

అమెరికా కుర్రాడు జాకబ్ స్లేవిన్‌నే తీసుకోండి. 2012 ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో కరోలినా హరికేన్స్ అతణ్ని నాలుగో రౌండ్‌లో, 120వ పేరుగా తీసుకుంది. అంటే అతనికంటే ముందు 119 మంది ఎంపికయ్యారు. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. పేరు పిలిచారు కదా అని అతను నేరుగా లీగ్‌లోకి పరిగెత్తలేదు. కొలరాడో కాలేజీలో చేరి రెండేళ్లు కాలేజీ హాకీ ఆడాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో తొలి మ్యాచ్ 2015 నవంబరులో. ఎంపికకు, ఆటకు మధ్య మూడేళ్లు! 2020-21 సీజన్‌లో 52 మ్యాచ్‌లు ఆడితే అతనికి పడిన పెనాల్టీ మొత్తం రెండే నిమిషాలు. ఎదుటివాళ్లను అడ్డుకోవడమే పనిగా ఉన్నవాడికి ఇది చిన్న విషయం కాదు. క్రీడాస్ఫూర్తికిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే వచ్చింది, 2024లో మళ్లీ వచ్చింది.

ఇంకాస్త వెనక్కి వెళ్తే రాడ్ లాంగ్‌వే. 1983, 84లలో వరుసగా ఉత్తమ డిఫెన్స్‌మ్యాన్‌గా నోరిస్ ట్రోఫీ అందుకున్నాడు. 1982-83 సీజన్ మొత్తంలో అతను కొట్టిన గోల్స్ ఎన్నో తెలుసా? మూడు.

మన మ్యాట్ మీదికొస్తే

తెలుగు టైటాన్స్‌కు 2017లో ఆడటం మొదలుపెట్టిన విశాల్ భరద్వాజ్ హిమాచల్ కుర్రాడు, లెఫ్ట్ కార్నర్. మరుసటి సీజన్‌కే జట్టు కెప్టెన్ అయ్యాడు. అదే 2018 సీజన్‌లో యూపీ యోధా రైట్ కార్నర్ నితేశ్ కుమార్ ఒక్క సీజన్‌లో 100 ట్యాకిల్ పాయింట్లు సాధించిన తొలి ఆటగాడిగా నిలిచాడు. 2023 వేలంలో ఇరాన్ ఆటగాడు మహమ్మద్‌రెజా షాద్లూకి పుణెరి పల్టన్ రూ.2.35 కోట్లు పెట్టింది. అతను ఆల్‌రౌండరే కానీ, ఆ ధర పలికింది ప్రధానంగా అతని పట్టుకే.

ఈ అంకెలు చూసి పొంగిపోకండి. లీగ్‌లో 12 జట్లు, ఒక్కో జట్టులో గరిష్ఠంగా 25 మంది. విదేశీయులను కలుపుకొన్నా మొత్తం 300 సీట్లు. వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్ కాలేజీల్లో కబడ్డీ ఆడేవాళ్లను లెక్కేసినా అంతకంటే ఎక్కువమందే ఉంటారు. మోకాలి లిగమెంటు ఒక్కసారి తెగితే నెలల తరబడి ఆటకు దూరం. కాబట్టి లీగ్ ఒక్కటే గురి పెట్టుకోమని నేనైతే చెప్పను. ‘ట్రయల్స్‌లో సెలక్షన్ గ్యారంటీ’ అని డబ్బులడిగేవాళ్ల జోలికి అసలే పోవద్దు.

కొలువు సంగతి

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి కొలువుల్లో నేరుగా భర్తీ చేసే ఖాళీల్లో 5 శాతం వరకు క్రీడాకారులకు ఇవ్వొచ్చు. అర్హమైన ఆటల జాబితాలో కబడ్డీ ఉంది. వయోపరిమితిలో గరిష్ఠంగా 5 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు 10 ఏళ్ల సడలింపు ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం. రైల్వే సంగతి చెప్పక్కర్లేదు. జాతీయ కబడ్డీలో సర్వీసెస్‌తో పాటు బలమైన జట్టు ఎప్పుడూ రైల్వేస్‌దే. కాజీపేట పక్కనే పెరిగిన మీకు ఈ మాట కొత్త కాదు.

మంచి ఆటగాళ్లు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అల్మరా నిండా షీల్డులుంటాయి, పనికొచ్చే కాగితం ఒక్కటీ ఉండదు. సంక్రాంతి పోటీల్లో బెస్ట్ డిఫెండర్ అయినా, ప్రైవేటు టోర్నీల్లో ఎన్ని కప్పులు గెలిచినా ఈ కోటాలో లెక్కకు రావు. కేంద్రం అడిగేవి నిర్ణీత ఫారాలు. దేశానికి ఆడితే ఫారం-1, జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకంతో. రాష్ట్రం తరఫున జాతీయ పోటీలాడితే ఫారం-2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకంతో. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడితే ఫారం-3, యూనివర్సిటీలో క్రీడా విభాగం చూసే అధికారి సంతకంతో. స్కూల్ నేషనల్స్‌కు ఫారం-4.

ఎంపికలో వరుస కూడా తెలుసుకోండి. ముందు దేశానికి ఆడినవాళ్లు, తర్వాత సీనియర్, జూనియర్ నేషనల్స్‌లో మూడో స్థానం లోపు పతకం తెచ్చినవాళ్లు, ఆ తర్వాత అంతర్ విశ్వవిద్యాలయ పతకాలు. ఊరికే పాల్గొన్నవాళ్ల వంతు పతకాలన్నీ అయ్యాకే. ఇక్కడ డిఫెండర్‌కు ఒక వెసులుబాటుంది. పతకం జట్టుకొస్తుంది. ఫారంలో మీరు కూతకెళ్లారా, కార్నర్‌లో కాచుకున్నారా అన్న గడి ఉండదు!

టీచింగ్ వైపు మొగ్గుంటే పీఈసెట్ రాసి బీపీఈడీ చేయొచ్చు. కోచ్ కావాలంటే పటియాలాలోని ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉంది. పట్టు ఎప్పుడు పట్టకూడదో తెలిసినవాడు మంచి కోచ్ అవుతాడని నా నమ్మకం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఇక ఈ ఆదివారం ఒక పని చేయండి. మీ సర్టిఫికెట్లన్నీ బయటికి తీసి, పోటీ ఎవరు నిర్వహించారో, కింద ఎవరి సంతకం ఉందో ఒక్కొక్కటీ చూడండి. ఆ నాలుగు ఫారాల్లో దేనికీ ఆధారం దొరక్కపోతే, సోమవారం మీ పీడీ సార్‌ను కలిసి యూనివర్సిటీ జట్టు సెలక్షన్స్ ఎప్పుడో కనుక్కోండి. మట్టి మీద మాత్రమే ఆడి ఉంటే, మ్యాట్ ఎక్కడ పరిచి ఉందో, బూట్లేసుకుని ప్రాక్టీస్‌కు రావొచ్చో లేదో కూడా అప్పుడే అడగండి.