గంట మోగని చోట అన్నం వేళ

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నారు పెద్దలు. హాస్టల్లో ఉన్నప్పుడు ఈ మాటను వ్యాసరచన పోటీల్లో ఎన్నోసార్లు రాశాం గాని, దాని గురించి ఆలోచించే అవసరం రాలేదు. గంట మోగగానే పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడేవాళ్లం. సాంబారు పలచగా ఉందని గొణిగేవాళ్లం. ఏం కొనాలి, ఎప్పుడు వండాలి, ఎంతలో సరిపెట్టాలి అనే మూడు బరువులనూ వార్డెన్ గారు, వంటవాళ్లు మన తరఫున మోశారని మాదాపూర్‌లో రూము తీసుకున్నాక గాని తెలియలేదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాలు ఎందరికో ఉపాధి చూపాయి. మన హాస్టళ్ల పూర్వ విద్యార్థులం కూడా అక్కడ రకరకాల ఉద్యోగాల్లో చేరాం. జీతం రాగానే రూము అద్దె, ఇంటికి పంపే డబ్బు, తమ్ముడి ఫీజు ముందు గుర్తొస్తాయి. వీటిలో ఏదీ తగ్గించలేం. అందుకే తిండి తగ్గించాం. పొద్దున టిఫిన్ మానేసి చాయ్, బిస్కెట్లతో గడిపేవాళ్లం. మధ్యాహ్నం అన్నం మూడింటికి. అర్ధరాత్రి షిఫ్టు దిగాక ఆకలికి ఆగలేక బిర్యానీ ప్యాకెట్. పొద్దున మిగిల్చినదంతా రాత్రికి ఖర్చయిపోయేది. కడుపులో మంట మాత్రం మిగిలేది.

ఇది మా ఒక్కరి కథ కాదు. గచ్చిబౌలిలోనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మందికి ఊబకాయం ఉంది. గంటల తరబడి కూర్చోవడం, నిద్ర చాలకపోవడం, వేళ తప్పిన భోజనం ఇలాంటి జబ్బులకు దారి తీస్తాయి.

మరి తక్కువ డబ్బుతో మంచి తిండి సాధ్యమేనా? మన హాస్టల్ లెక్కే చూద్దాం. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో కాలేజీ హాస్టల్ విద్యార్థి డైట్ ఛార్జీని నెలకు 1500 నుంచి 2100 రూపాయలకు పెంచింది. అంటే రోజుకు 70 రూపాయలు. బియ్యం చవకగా రావడం, సరుకులు టోకున కొనడం, అందరికీ ఒకేసారి వండడం వల్ల ఆ డబ్బుతో బండి నడుస్తుంది. అంత చవకగా మనం వండలేకపోయినా ఆ పద్ధతి మనకు పనికొస్తుంది.

డబ్బు: నలుగురం కలిసి ఒకటో తారీఖునే సరుకుల డబ్బు పక్కన పెడుతున్నాం. ఆదివారం కూకట్‌పల్లి రైతు బజారులో వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకుంటాం. ఒక బిర్యానీ ప్యాకెట్ ఖరీదుకు డజనుకు పైగా కోడిగుడ్లు వస్తాయి. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పప్పు, పల్లీలు కూడా పేదవాడి బలమే.

సమయం: కుక్కర్ అడుగున కందిపప్పు, తోటకూర, టమాటా వేసి, పై గిన్నెలో బియ్యం పెడితే అరగంటలో భోజనం సిద్ధం. మన అమ్మానాన్నలు పొలానికి సద్ది కట్టుకుపోయినట్టే మనం బాక్సు కట్టుకుపోవచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

శ్రమ: వంటకు వంతులు వేసుకోవాలి. ఒంట్లో ఓపిక లేని రోజున అన్నం మాత్రం వండి, కర్రీ పాయింట్ నుంచి పప్పో, ఆకుకూరో తెచ్చుకుంటే చాలు. అదీ కుదరకపోతే రోడ్డు పక్కన వేడివేడి జొన్నరొట్టె దొరుకుతుంది. ఒక రోజు తప్పిందని మొత్తం మానేయకూడదు. మర్నాడు మళ్లీ మొదలు పెట్టాలి.

డబ్బు లేనప్పుడు కాస్త సమయం పెట్టాలి. సమయం లేనప్పుడు కాస్త డబ్బు పెట్టాలి. రెండూ లేని రోజు కోసం రూములో ఎప్పుడూ గుడ్లు, పల్లీలు, అరటిపండ్లు ఉంచుకోవాలి. భోజనం వేళ మాత్రం మార్చకూడదు. రాత్రి షిఫ్టు వాళ్లయితే డ్యూటీకి వెళ్లే ముందే కడుపు నిండా తినాలి. పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మన పళ్లెంలో మాత్రం ముప్పావు భాగం అన్నమే ఉంటుంది. రోజూ ఒక గరిటె అన్నం తగ్గించి, ఒక గరిటె కూర పెంచినా మేలే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీరూ ఉద్యోగాలకు వస్తారు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడే అన్నం, పప్పు, ఒక కూర వండడం నేర్చుకోండి. ఇంటికి డబ్బు పంపండి, కానీ పస్తులుండి పంపకండి. మన మీద ఆధారపడిన వాళ్లకు మన జీతంతో పాటు మన ఆరోగ్యమూ కావాలి. హాస్టల్ గంట హాస్టల్లోనే ఉండిపోతుంది. బయటికి వచ్చాక మన గంట మనమే కొట్టుకోవాలి.