సూర్యకళంకములు - భూకంపములు

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము ఏడున్నర గంటలకు కొంచెము ముందుగా ములుగు ప్రాంతమున భూమి కంపించినది. ఆ కంపమును భద్రాచలము, ఖమ్మము, వరంగల్లు మొదలుకొని హైదరాబాదు వఱకు జనులెఱిగిరి. దాని పరిమాణము 5.3 అని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఆ సంవత్సరముననే సూర్యబింబముపైని మచ్చలు తమ ఉచ్చదశ నందుకొనియుండెను. గోదావరీతీరమున అంతకు పూర్వము వచ్చిన పెద్దకంపము 1969 ఏప్రిలు 13వ తేదీన భద్రాచలప్రాంతమున సంభవించినది. దానికి ఐదు నెలలకు ముందు, 1968 నవంబరులో, సూర్యకళంకములు ఆనాటి ఉచ్చదశయందుండినవి. ఇంకను కొన్నింటిని చేర్చవచ్చును. 1905 ఏప్రిలులో కాంగ్రాలోయను నేలమట్టము చేసిన భూకంపమును, 2001 జనవరి 26వ తేదీన కచ్ఛదేశమున భుజ్ పట్టణమును కూల్చిన భూకంపమును, రెండును కళంకములు మిక్కుటముగ నుండిన కాలముననే వచ్చినవి. వీనిని ప్రక్కప్రక్కన నుంచి చూచువారికి సూర్యునికిని భూకంపమునకును ఏదో సంబంధము కలదను శంక పుట్టుట సహజము. ఈ శంకను నవ్వి త్రోసివేయుట న్యాయము కాదు, పరీక్షించి చూడవలెను.

శంక క్రొత్తదియు కాదు. ఆఱవ శతాబ్దమునాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితలో సూర్యబింబముపై కనబడు నల్లని చిహ్నములను తామసకీలకములని పేర్కొని, అవి కనబడినపుడు రాజులకును ప్రజలకును కలుగు అరిష్టముల నెన్నియో చెప్పెను. భూకంపములకు ఆ గ్రంథమున వేఱొక అధ్యాయమే కలదు. సముద్రమందలి మహాజంతువుల కదలిక వలన భూమి కంపించునని కొందఱును, భూభారమును మోయు దిగ్గజములు అలసి నిట్టూర్చుట వలన అని కొందఱును, వాయువులు ఒండొంటిని తాకి నేలపై బడుట వలన అని మఱికొందఱును చెప్పుదురని ఆయన మతభేదములను వరుసగ నుదాహరించెను. తనకు పూర్వులు చెప్పినదంతయు ఇట్లు నిష్పక్షపాతముగ నొకచోట చేర్చుట ఆయన గొప్పతనము. పాశ్చాత్యదేశములందును ఇట్టి ఊహలు లేకపోలేదు. 1801లో విలియం హెర్షెల్ అను జ్యోతిశ్శాస్త్రవేత్త సూర్యకళంకములకును గోధుమల ధరకును సంబంధమున్నదని వాదించెను. కళంకములను లెక్కించు పద్ధతి నేర్పరచిన రుడాల్ఫ్ వోల్ఫు 1850 ప్రాంతములందే భూకంపములకును వానికిని ముడి యుండునేమోయని ఊహించెను.

కళంకములనగా నేమి? సూర్యుని ఉపరితలము సుమారు 5,500 డిగ్రీల వేడిగలది. అందు కొన్ని తావులందు అయస్కాంతశక్తి మిక్కిలి బలీయమై, లోపలినుండి ఉబికివచ్చు వేడిని అడ్డగించును. ఆ తావులు ఒకటి రెండు వేల డిగ్రీలు చల్లబడి చుట్టునున్న కాంతిలో నల్లగ కనబడును. భూగోళమంతయు ఇముడదగిన మచ్చలు అరుదు కాదు. సుమారు 11 సంవత్సరముల కొకసారి ఇవి హెచ్చి, మరల తగ్గుచుండును. హెచ్చినకాలమున సూర్యునినుండి జ్వాలలు లేచుటయు, విద్యుత్కణములు మేఘములవలె వెడలుటయు అధికము. ఆ మేఘములు భూమిని తాకినపుడు భూమియొక్క అయస్కాంతశక్తి కలత చెందును. ఇది కట్టుకథ కాదు. 1989 మార్చి 13వ తేదీన ఇట్టి తుపాను వలననే కెనడాదేశమున క్విబెక్ రాష్ట్రమంతట విద్యుచ్ఛక్తి ఆగిపోయి అఱువదిలక్షలమంది చీకటిలో నుండిరి. భూమిపై సూర్యుని ప్రభావము లేదని ఎవరును అనుట లేదు. ప్రశ్న అది కాదు. ఆ ప్రభావము భూగర్భమునందలి శిలలను కదల్చునంతటిదా యనునదియే ప్రశ్న.

భూమి పైపొర అనేక ఫలకములుగ విడిపోయి మెల్లగ కదలుచున్నది. మన దేశమును మోయు ఫలకము ఏటేట నాలుగైదు సెంటీమీటర్లు ఉత్తరదిశగ జరుగుచు ఆసియాఖండమును నెట్టుచున్నది. ఆ నెట్టుడు వలన శిలలందు ఒత్తిడి వందలయేండ్లు కూడబెట్టినట్లు పెరిగి, ఒకనాడు పాత చీలికలవెంట శిల జాఱును. అదియే కంపము. హిమాలయము క్రింద ఇది తఱచు. గోదావరిలోయ క్రింద అరుదుగ నైనను కలదు. ఏలయన అచ్చట భూమి అతిప్రాచీనకాలమున పగిలి క్రుంగినది. సింగరేణి బొగ్గంతయు ఆ క్రుంగిన తొట్టిలో పేరుకొనినదే. ఆ పగుళ్లు నేటికిని పూర్తిగ అతుకుకొనలేదు.

ఇక మొదట చెప్పిన ఉదాహరణములకు వత్తము. నేను ఎన్నినవన్నియు కళంకములు హెచ్చిన కాలమునాటివి. ఎన్నకుండ విడిచినవి చూడుడు. 1934 జనవరి 15వ తేదీన బీహారును, నేపాళమును నాశనము చేసిన భూకంపము వచ్చునాటికి సూర్యకళంకములు కనిష్ఠదశకు దిగి నాలుగు నెలలే యైనది. ఆనాడు గాంధీమహాత్ముడు అది అస్పృశ్యతాపాపమునకు దైవదండనమనగా, రవీంద్రనాథ టాగూరు ఆ మాటను ఖండించెను. సూర్యుని తప్పు పట్టవలసిన పని మాత్రము ఆ యేట ఎవ్వరికిని లేకుండెను. 1964 మార్చిలో అలాస్కాయందలి మహాభూకంపము, అదియు కళంకములు దాదాపు లేనియేటిదే. 1950 ఆగస్టు 15వ తేదీన అస్సాముకంపము ఉచ్చదశ దాటిన మూడేండ్లకు వచ్చినది. యంత్రములతో కొలువబడినవానిలో కెల్ల పెద్దదియగు 1960నాటి చిలీ భూకంపము ఉచ్చదశ దాటిన రెండేండ్లకును, 2011నాటి జపాను భూకంపము ఉచ్చదశకు మూడేండ్లు ముందుగను వచ్చినవి. 1993లో లాతూరు, 2004లో సుమత్రా, రెండును చక్రము దిగజాఱుచుండిన నడిమి కాలమునాటివి.

కాకతాళీయన్యాయమును మీరందఱు ఎఱుగుదురు. కాకి వచ్చి తాటిచెట్టుపై వ్రాలినది, పండు పడినది. కాకి వలననే పండు పడినదా యని తెలిసికొనగోరువాడు ఆ ఒక్క చెట్టును చూచిన చాలదు. కాకి వ్రాలియు పండు పడని చెట్లెన్ని, కాకి లేకయే పండు పడిన చెట్లెన్ని, రెండును లేనివెన్ని అని తోపంతయు తిరిగి లెక్కింపవలెను. పడిన పండును, ఎగిరిన కాకిని మాత్రమే జ్ఞాపకముంచుకొనుట మనుష్యస్వభావము.

భూకంపముల విషయమున ఈ పొరపాటు మిక్కిలి సులభము. ప్రపంచమున 5కు మించిన పరిమాణముగల కంపములు ఏటికి దాదాపు 1,500 వచ్చును. అనగా దినమునకు నాలుగు. 6కు మించినవి రెండు మూడు దినముల కొకటి వచ్చును. కావున సూర్యునిలో ఎప్పుడు జ్వాల లేచినను, మఱునాటిలోపల ఎక్కడనో భూమి కంపింపక మానదు. ఒక్క ఉదాహరణము. మన కాలమానము ప్రకారము 2024 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున 3 గంటల 25 నిమిషములకు సూర్యునిపై గొప్ప జ్వాల లేచినది. ఆ మధ్యాహ్నము 12 గంటల 40 నిమిషములకు జపానులో నోటో ద్వీపకల్పమున 7.5 పరిమాణముగల భూకంపము వచ్చి వందలమందిని బలిగొన్నది. ఇంతకన్న నిదర్శనమేమి కావలెనని అనువారుందురు. కాని జ్వాలతో వెడలు విద్యుత్కణములు భూమిని చేరుటకు ఒకటి మొదలు మూడు దినములు పట్టును. అవి అప్పటికింకను త్రోవలోనే యుండవలెను. ఎనిమిది నిమిషములలో వచ్చిన కిరణములు ఆకాశమున ఎత్తైన వాయుపొరలలోనే అణగిపోవును. అదే యేడు మే 10, 11 తేదీలలో ఇరువదియేండ్లుగ ఎఱుగని అయస్కాంత తుపాను భూమిని తాకినది. లడాఖులోని హన్లేయందు ఆకాశము ఎఱ్ఱబాఱినది. ఆ మాసమంతయు ప్రపంచమున 7కు చేరిన భూకంపము ఒక్కటియు రాలేదు.

తోపంతయు తిరిగి లెక్కించిన వారును కలరు. అమెరికాదేశపు భూగర్భపరిశోధనశాఖకు చెందిన జెఫ్రీ లవ్, ఆయన సహకారి జెరెమీ థామస్ 2013లో ఈ లెక్కను ప్రకటించిరి. వారు సంవత్సరములను, మాసములను, దినములను కూడ కళంకముల సంఖ్యనుబట్టియు, సౌరపవనముయొక్క వేగమునుబట్టియు, అయస్కాంతకలతనుబట్టియు హెచ్చుతగ్గుల వరుసలో పేర్చిరి. ఆ వరుసను రెండు సగములు చేసి, ఒక్కొక్క సగమున వచ్చిన భూకంపములను లెక్కించిరి. సూర్యుని ప్రభావము ఆలస్యముగ పనిచేయునేమోయని కొంత వ్యవధి నిచ్చియు చూచిరి. యాదృచ్ఛికమని త్రోసివేయరాని భేదమేదియు స్థిరముగ కనబడలేదు.

అయినను లెక్క ఒక్కటియే చాలదని, బలాబలములను కూడ తూచవలెనని నా అభిప్రాయము. సౌరపవనము భూమిపై మోపు ఒత్తిడి అత్యల్పము. బంగాళాఖాతమున పెద్దతుపాను లేచినపుడు, 1977 నవంబరులో దివిసీమను ముంచినట్టి దానియందు, వాయుభారము ఇరువదవవంతు వఱకు తగ్గును. ఆ మార్పు సౌరపవనపు ఒత్తిడికి వేలకోట్ల రెట్లు అధికము. సూర్యుని వేడి యందురా, లోతైన బావినీరు వేసవిలో చల్లగను, చలికాలమున వెచ్చగను తోచుట మనమెఱిగినదే. నిజమునకు ఆ నీటి వేడిమి మాఱదు, మాఱునది పైగాలి. కొన్ని బారల లోతుననే ఋతువుల వేడి చేరకున్నది. భుజ్ భూకంపము పుట్టినది సుమారు 20 కిలోమీటర్ల లోతున. మిగిలినది విద్యుత్తు. పలుగురాతికి విద్యుత్తు సోకిన అది ఇంచుక సాగును, లేక కుంచించును. భూమిలో పలుగురాయి విస్తారము గనుక అయస్కాంత తుపాను పుట్టించు ప్రవాహము శిలను కదల్చునని కొందఱి వాదము. వాదమందమైనదే. కాని లెక్కవేసి చూచిన, దాని వలని ఒత్తిడి చంద్రుని ఆకర్షణ వలన శిలలయందు కలుగు ఒత్తిడిలో లక్షవవంతైనను లేదు. సముద్రమునకు పోటుపాటులను కలిగించునట్లే చంద్రుడు శిలలను సైతము దినమునకు రెండుమార్లు లాగి విడుచుచున్నాడు. ఆ పని వలన భూకంపములు కొలదిగ హెచ్చునని ఇటీవలి పరిశోధనలలో తేలినది గాని, ఆ హెచ్చును కనిపెట్టుటకే వేలకంపములను వడబోయవలసివచ్చెను. లక్షరెట్లు బలవంతుని జాడయే ఇంత సూక్ష్మమైనపుడు బలహీనుని జాడ ఎట్లు కనబడును?

ప్రతిపక్షమును దాచుట తగదు. 2020లో ఇటలీకి చెందిన వీటో మార్కిటెల్లి మొదలగువారు, అంతరిక్షమందలి సోహో అను ఉపగ్రహము సుమారు ఇరువదియేండ్లు కొలిచిన ప్రోటానుల సాంద్రతను భూకంపముల పట్టికతో పోల్చిరి. ప్రోటానులు హెచ్చిన మఱునాడు 5.6కు మించిన కంపములు హెచ్చుచున్నవని వారు ప్రకటించిరి. అది జాగ్రత్తగ చేసిన పనియే. కాని భూకంపములు ఒంటరిగ రావు. పెద్దకంపము వెనుక పిల్లకంపములు గుంపుగ వచ్చును. ఒక్క గుంపు ఒక్క ప్రోటాను వెల్లువతో కలిసిన చాలు, లెక్కయంతయు ఒకవైపునకు మొగ్గును. వారి సూత్రమును వారు చూడని సంవత్సరములకు అన్వయించి చూచుటయే సరియైన పరీక్ష. శ్రీహరికోటనుండి 2023 సెప్టెంబరు 2వ తేదీన వెడలిన మన ఆదిత్య నౌకలోను సౌరపవనకణములను కొలుచు యంత్రములు కలవు గనుక, ఆ పరీక్షకు మన దేశపు కొలతలే అక్కఱకు రాగలవు.

మఱి భూకంపమును పురికొల్పగలవి ఏవియు లేవా? కలవు. మహారాష్ట్రమున కోయనానదిపై ఆనకట్ట కట్టి 1962 ప్రాంతమున జలాశయమును నింపనారంభించిన పిమ్మట అచ్చట చిన్నకంపములు మొదలయ్యెను. 1967 డిసెంబరు 11వ తేదీ తెల్లవారుజామున 6.3 పరిమాణముగల కంపము వచ్చి నూఱుమందికి పైగా మరణించిరి. నీటి భారమును, పగుళ్లలోనికి దిగిన నీటి ఒత్తిడియును శిల జాఱుటకు తోడ్పడినవి. హైదరాబాదునందలి జాతీయ భూభౌతిక పరిశోధనాలయమువారు ఈ తావును దశాబ్దములుగ పరిశీలించుచున్నారు. నేపాళమునను చలికాలమునకన్న వానకాలమున చిన్నకంపములు తక్కువ. గంగామైదానమున నిలిచిన వాననీటి బరువే అందుకు కారణమని శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఈ కారణములు భూమిపైనివి, తూచదగినవి.

ఆకాశమును చూచి వెఱచుట వలన నష్టమేమని అడుగవచ్చును. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహకూటమికి వెఱచి దేశమంతట యజ్ఞములు చేసిరి, ఏమియు జరుగలేదు. 1974లో ఇరువురు విద్వాంసులు, 1982లో గ్రహములన్నియు ఒకవైపున చేరి సూర్యుని కలచునని, ఆ కలత వలన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరము భూకంపమున కూలునని గ్రంథము వ్రాసిరి, ఏమియు జరుగలేదు. 1990 డిసెంబరులో పోటుపాటుల లెక్కనుబట్టి భూకంపము వచ్చునని ఒకరు చెప్పగా, అమెరికాలోని మిస్సిసిపీ తీరమున పాఠశాలలు మూసివేసిరి. నాడును ఏమియు జరుగలేదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారక పూర్వము, వినాయక నిమజ్జనము ముగించుకొని జనులు నిద్రించుచుండగా, లాతూరు జిల్లా కిల్లారిలో భూమి కంపించినది. ఏ తేదీయు ఎవ్వరును చెప్పియుండలేదు. కంపపు పరిమాణము 6.2 మాత్రమే, వేలకొలది జనులు మరణించిరి. వారిని చంపినవి బండరాళ్లను మట్టితో పేర్చిన వెడల్పు గోడలును, వానిపై ఎండ సోకకుండ వేసిన మట్టిమిద్దెలును. అట్టి గోడ లోపలిముఖమొకటి, వెలిముఖమొకటి, నడుమ గులకరాళ్లును మట్టియు. కదలినంతనే రెండు ముఖములు విడిపోవును. గోడ వెడల్పంతయు ఆక్రమించు పొడవురాయిని నాలుగైదు అడుగుల కొకటిగ అడ్డముగ వేసి, ద్వారబంధముల పైభాగమున ఇల్లంతయు చుట్టివచ్చునట్లు ఇనుపకడ్డీలతో సిమెంటు కాంక్రీటు పట్టీ పోసిన ఆ రెండు ముఖములును కలిసి నిలుచును. ఇల్లు కట్టునపుడు దీనికగు అదనపు ఖర్చు మొత్తములో స్వల్పభాగము.