పోషకాహార చదువు: మన స్తోమతకు తగిన మంచి కాలేజీ ఏది?



ఓపీ వరండాలో వరుసలో కూర్చున్న రేగోడ్ తల్లి ఒకామె మమ్మల్ని ఆపి ఒక చీటీ చూపించింది. ఆమె భర్తకు షుగర్. పట్నంలో ఎవరో రాసిచ్చిన ఆహార చీటీ అది. ఓట్స్, బ్రౌన్ బ్రెడ్ అని రాసి ఉంది. "మా ఇంట్ల ఇవేవీ ఉండయి సిస్టరమ్మా. పొద్దున జొన్నరొట్టె, మాపటికి అన్నం" అంది. తర్వాత అసలు సంగతి అడిగింది. "మా బిడ్డ ఇంటర్ బైపీసీ పాసైంది. గీ తిండి సంగతి చెప్పే సదువే సదువుతా అంటుంది. ఇంట్ల ఉండి సదివే డిస్టెన్స్ డిగ్రీ ఉన్నదంట, ముందుగాల పైసలు కట్టుమని ఒకాయన చెప్పిండు. కట్టాల్నా?"

కట్టవద్దమ్మా అని చెప్పాము. మన సంఘాల్లో, ఊళ్ళలో ఇదే ప్రశ్న ఉన్న తల్లిదండ్రులు ఇంకా ఉంటారు కనుక వివరంగా రాస్తున్నాము.

డిస్టెన్స్ డిగ్రీ ఎందుకు వద్దు?

డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వృత్తులు 2021లో వచ్చిన కేంద్ర చట్టం కిందికి చేరాయి. నర్సులకు, ఫార్మసిస్టులకు ఉన్నట్టే ఈ వృత్తులకూ చదువులో, శిక్షణలో ఒక ప్రమాణం ఉండాలన్నది దాని ఉద్దేశం. ఆ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపరాదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. ఆహార పోషణ శాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్, డైటెటిక్స్ అందులో ఉన్నాయి. 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచే ఇది అమలు. కాబట్టి ఇంట్లో కూర్చుంటే డిగ్రీ వస్తుందని ఎవరైనా ఇప్పుడు డబ్బు అడిగితే నమ్మకండి. అంతకుముందే చేరినవారు తమ యూనివర్సిటీనే నేరుగా అడిగి తెలుసుకోవాలి.

ప్రభుత్వ సంస్థలనే ముందు చూడండి

ఖర్చు తక్కువైతే చదువు నాసిరకం అని చాలామంది అనుకుంటారు. ఈ చదువు విషయంలో అది నిజం కాదు. మంచి పేరున్న పాత సంస్థలు హైదరాబాదులోనే ఉన్నాయి, అవి ప్రభుత్వానివే.

1. సైఫాబాదులోని కమ్యూనిటీ సైన్స్ కళాశాల. పెద్దలకు హోమ్‌సైన్స్ కాలేజీ అంటే తెలుస్తుంది. 2014 నుంచి ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ బి.ఎస్సీ. ఆనర్స్ కోర్సు. అందులో ఆహారం, పోషణ ముఖ్య విభాగం. ప్రవేశ నిబంధనలు ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకోండి. డిగ్రీ తర్వాత ఆహార పోషణలోనే ఎమ్మెస్సీ చేయవచ్చు.

2. కోఠి మహిళా కళాశాల. 1924లో మొదలైంది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. బి.ఎస్సీ.లో న్యూట్రిషన్ ఒక సబ్జెక్టుగా ఏ కలయికలో ఉందో, ఎన్ని సీట్లో ఆ సంవత్సరపు దోస్త్ జాబితాలో చూసుకోండి. ఇతర డిగ్రీ కాలేజీల్లో సీట్లకు కూడా దోస్త్‌లోనే వెతకాలి.

3. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. ఇక్కడ డిగ్రీ ఉండదు, అప్లైడ్ న్యూట్రిషన్‌లో రెండేళ్ళ ఎమ్మెస్సీ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. న్యూట్రిషన్, హోమ్‌సైన్స్, బయోకెమిస్ట్రీ వంటివి చదివినవారితోపాటు బి.ఎస్సీ. నర్సింగ్ చేసినవారికీ అవకాశం ఉంది. నర్సింగ్ చదువుతున్న మన అమ్మాయిలు ఇది గమనించాలి.

ఈ సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. జొన్న మీదే ఆధారపడి బతికిన ఈ ప్రాంతపు పేదల్లో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి ఎందుకు వస్తుందో ఇక్కడి శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠయ్య పరిశోధించి 1960లో ప్రకటించారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటం ఒక కారణమని వారు చెప్పారు. మన కంచంలోని తిండి మీదే అంత పెద్ద పరిశోధన జరిగిందన్నమాట.

అసలు ఖర్చు ఎక్కడ?

ప్రభుత్వ కాలేజీలో ఫీజు కన్నా హాస్టలు, మెస్సు, పుస్తకాలు, రానుపోను ఛార్జీలే ఎక్కువవుతాయి. రేగోడ్ నుంచి హైదరాబాదుకు రోజూ వెళ్ళి వచ్చే వీలు లేదు. అందుకే సీటు కన్నా ముందు హాస్టలు సంగతి అడగండి. ఇంటర్ అయ్యేలోపే కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా సిద్ధం చేసుకుని ఈపాస్‌లో స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే కాలేజీ ఏం చేస్తుందో చేరకముందే అడగాలి. మొదటి సంవత్సరానికి కొంత డబ్బు చేతిలో ఉంచుకోవడం మంచిది.

ప్రైవేటు కాలేజీలో అడగవలసిన ఐదు ప్రశ్నలు

1. ఏ యూనివర్సిటీకి అనుబంధం? ఆ యూనివర్సిటీ జాబితాలో ఈ కోర్సు పేరు ఉందా?
2. న్యూట్రిషన్ మూడేళ్ళూ ఉంటుందా, ఒక్క ఏడాదేనా?
3. ల్యాబు, వంట ప్రయోగశాల చూపిస్తారా?
4. ఏ ఆసుపత్రిలో శిక్షణ ఇస్తారు? ఎన్ని నెలలు?
5. అన్ని ఫీజులూ కలిపి ఎంతో కాగితం మీద రాసిస్తారా?

సూటిగా జవాబు రాకపోతే ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ ఇవ్వకండి.

చదివాక ఏమిటి?

ఒక్క బి.ఎస్సీ.తో ఆసుపత్రిలో డైటీషియన్ కావడం కష్టం. ఆ తర్వాత ఎమ్మెస్సీగానీ పి.జి. డిప్లొమాగానీ చేసి, ఆసుపత్రిలో ఆరు నెలల శిక్షణ పూర్తిచేస్తే ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ వారి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాయవచ్చు. అంటే ఐదారేళ్ళ చదువు. ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి. హోమ్‌సైన్స్, న్యూట్రిషన్ చదివినవారు అంగన్‌వాడీ సూపర్‌వైజర్ ఉద్యోగాలకూ పోటీ పడవచ్చు. ఇది ఆడపిల్లల చదువే అనుకోవద్దు, అబ్బాయిలూ చదువుతున్నారు.

ఆ తల్లికి చివరగా ఒక మాట చెప్పాము. "జొన్నరొట్టె మానక్కరలేదమ్మా. ఎన్ని తినాలి, ఏ కూరతో తినాలి అన్నదే లెక్క. ఆ లెక్క మన ఇంటి వంట తెలిసినవాళ్ళు చెప్తేనే రోగికి అర్థమవుతుంది." రేగోడ్ బిడ్డ ఈ చదువు చదివితే మేలు జరిగేది ఆమె ఒక్కదానికే కాదు. పట్నం చీటీ పట్టుకుని ఏం వండాలో తెలియక కూర్చున్న ప్రతి ఇంటికీ ఆమె అవసరం ఉంది. ఆ డబ్బు ఏజెంటు చేతిలో పోయకండి, హాస్టలు ఖర్చుకు దాచండి.