స్నానాల గదికి గాలి దారి

స్నానాల గది బాగుచేయించేటప్పుడు టైల్సు, కుళాయిలు ముందు ఎంచుకుంటాం. నిజానికి ముందు చూడవలసింది గాలి సంగతి.

గ్యాసు గీజరును గది బయట, గాలి ఆడే చోట పెట్టించండి. మూసిన గదిలో అది మండితే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు. తల తిరిగేసరికి గొళ్ళెం తీసే శక్తి కూడా ఉండకపోవచ్చు. ఎగ్జాస్టు ఫ్యాను ఉందికదా అని గీజరు లోపల పెట్టించకూడదు.

5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు గల గదిలో 320 ఘనపుటడుగుల గాలి పడుతుంది. నిమిషానికి 50 ఘనపుటడుగులు లాగే ఫ్యాను అంత గాలిని ఆరున్నర నిమిషాల్లో బయటికి పంపుతుంది. తలుపు కింద కాస్త సందు ఉంటేనే కొత్త గాలి లోపలికి వస్తుంది. స్నానమయ్యాక 20 నిమిషాలు ఫ్యాను తిరగనిస్తే గోడలకు బూజు పట్టడం తగ్గుతుంది. పడకగది ఏ.సి. చల్లబరుస్తుందే గాని కొత్త గాలి తేదు.

ఈ మాటలు మేస్త్రీకి గోడ కొట్టకముందే చెప్పండి.