ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ నియామకం: రాజకీయ పక్షపాతం, నిష్పాక్షికత

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ అంటే ఎవరో, ఎవరు నియమిస్తారో చెప్పగలుగుతారు.
• ఈ నియామకంలో రాజకీయ పక్షపాతానికి ఎక్కడ అవకాశం ఉందో గుర్తించగలుగుతారు.
• జయలలిత ఆస్తుల కేసు ఆధారంగా నిష్పాక్షికతను అంచనా వేసే పద్ధతిని వివరించగలుగుతారు.

1. పరిచయం

నేరం ఒక వ్యక్తిపై జరిగినా, దానిని సమాజంపై జరిగిన నేరంగానే చట్టం భావిస్తుంది. అందుకే క్రిమినల్ కేసును బాధితుడి బదులు ప్రభుత్వమే నడుపుతుంది. ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించే న్యాయవాది పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆయనను నియమించేది ప్రభుత్వమే అయినా, ఆయన బాధ్యత న్యాయస్థానం పట్ల. నిందితుడికి ఎలాగైనా శిక్ష పడేలా చేయడం ఆయన పని కాదని, వాస్తవాలను కోర్టు ముందు ఉంచడమే ఆయన విధి అని 1999లో శివకుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అయితే నిందితుడే అధికారంలో ఉంటే? లేదా అధికారంలో ఉన్నవారికి రాజకీయ ప్రత్యర్థి అయితే? మొదటి సందర్భంలో కేసును నీరుగార్చే ప్రమాదం ఉంది. రెండవ సందర్భంలో కక్ష సాధించే ప్రమాదం ఉంది. ఈ రెండూ పక్షపాతమే.

2. చట్టంలోని ఏర్పాటు

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 24వ సెక్షన్ ప్రాసిక్యూటర్ల నియామకం గురించి తెలుపుతుంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 18వ సెక్షన్ అమలులో ఉంది.

జిల్లా స్థాయిలో సాధారణ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నియమించదగిన వారి జాబితాను జిల్లా మేజిస్ట్రేట్, సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేస్తారు. ప్రాసిక్యూషన్ అధికారులకు ప్రత్యేక కేడర్ లేనిచోట ప్రభుత్వం ఆ జాబితాలోని వారినే నియమించాలి. ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ విషయంలో ఇలాంటి జాబితా లేదు. కనీసం పదేళ్లు న్యాయవాద వృత్తిలో ఉన్న ఎవరినైనా కేంద్ర ప్రభుత్వం గాని, రాష్ట్ర ప్రభుత్వం గాని ఒక కేసు కోసం లేదా ఒక తరహా కేసుల కోసం నియమించవచ్చు. న్యాయమూర్తిని సంప్రదించాలన్న నిబంధన ఈ ఉపవిభాగంలో కనిపించదు.

క్లిష్టమైన కేసులకు అనుభవజ్ఞులను ఎంచుకునే వెసులుబాటు ప్రభుత్వానికి అవసరమే. కాని ఆ వెసులుబాటే పక్షపాతానికి కూడా దారి ఇస్తుంది.

3. ఒక కేసు పరిశీలన

1991–96 మధ్య తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత, ఆమె సన్నిహితురాలు శశికళ, మరో ఇద్దరు ఆదాయానికి మించి సుమారు 66 కోట్ల రూపాయల ఆస్తులు కూడబెట్టారన్నది అభియోగం. చెన్నైలోని ప్రత్యేక కోర్టులో విచారణ మొదలైంది. విచారణ సాగుతుండగానే, 2001లో ఆమె మళ్లీ అధికారంలోకి వచ్చారు. అంటే కేసు నడపవలసిన ప్రభుత్వానికి నిందితురాలే అధిపతి.

3.1 కేసు బదిలీ (2003)

ప్రభుత్వం మారాక కొత్త ప్రాసిక్యూటర్ వచ్చారు. అప్పటికే సాక్ష్యం చెప్పిన 76 మందిని మళ్లీ పిలిపించగా, వారిలో 64 మంది తమ పాత మాటలను మార్చుకున్నారు. సాక్షులను తిరిగి పిలవడానికి ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పలేదు. మాట మార్చినవారిని ప్రతికూల సాక్షులుగా ప్రకటించమనీ కోరలేదు. దీనిపై డీఎంకే నాయకుడు కె. అన్బళగన్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. పిటిషనర్ రాజకీయ ప్రత్యర్థి అన్న అభ్యంతరాన్ని కోర్టు అంగీకరించలేదు. ప్రభుత్వంపై నిఘా ఉంచడం ప్రతిపక్షం పాత్రేనని చెప్పింది. 2003 నవంబర్ 18న కేసును కర్ణాటకకు బదిలీ చేసింది. కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి ప్రాసిక్యూటర్‌ను నియమించాలని కర్ణాటక ప్రభుత్వాన్ని ఆదేశించింది. చట్టంలో లేని సంప్రదింపును ఈ కేసు వరకు కోర్టు తన ఉత్తర్వుతో చేర్చిందన్నమాట.

3.2 తొలగింపు వివాదం (2013)

కర్ణాటక నియమించిన బి.వి. ఆచార్య 2012లో తప్పుకున్నారు. 2013 ఫిబ్రవరిలో జి. భవానీ సింగ్ ఆ స్థానంలోకి వచ్చారు. అదే ఏడాది కర్ణాటకలో ప్రభుత్వం మారింది. ఆగస్టులో ఆయన నియామకాన్ని కొత్త ప్రభుత్వం ఉపసంహరించింది. ఈసారి సుప్రీంకోర్టుకు వెళ్లినవారు నిందితులు. తొలగింపు దురుద్దేశంతో కూడినదని చెబుతూ 2013 సెప్టెంబర్ 30న కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించండి. నిందితులే కొనసాగించమని కోరిన ప్రాసిక్యూటర్ ఆయన. ఆయన ఉండగానే 2014 సెప్టెంబర్ 27న ప్రత్యేక కోర్టు నలుగురికీ నాలుగేళ్ల జైలు శిక్ష విధించింది. కాబట్టి ఎవరు ఎవరిని కోరుకున్నారన్న దానిని బట్టి మాత్రమే పక్షపాతాన్ని నిర్ధారించలేం.

3.3 అధికారం లేని నియామకం (2015)

శిక్షపై నిందితులు కర్ణాటక హైకోర్టులో అప్పీలు చేశారు. అక్కడ వాదించడానికి తమిళనాడు ప్రభుత్వం భవానీ సింగ్‌ను నియమించింది. కేసు బదిలీ అయ్యాక ఆ అధికారం కర్ణాటకకే ఉంటుందని, తమిళనాడు చేసిన నియామకం చెల్లదని 2015 ఏప్రిల్ 27న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అయితే అప్పటికే వాదనలు ముగిశాయి. వాటిని మళ్లీ మొదటి నుంచి వినమని ఆదేశించకుండా, రాతపూర్వక వాదనలకు కోర్టు అవకాశం ఇచ్చింది. మే 11న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. దానిపై కర్ణాటక అప్పీలు చేయగా, 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ప్రత్యేక కోర్టు తీర్పును పునరుద్ధరించింది. 2016 డిసెంబర్‌లో జయలలిత మరణించడంతో ఆమెపై అప్పీళ్లు ముగిసిపోయాయి. మిగిలిన ముగ్గురు జైలుకు వెళ్లవలసి వచ్చింది.

4. నియామకాన్ని అంచనా వేసే పద్ధతి

పై మూడు ఘట్టాలు మూడు వేర్వేరు లోపాలను చూపుతాయి. మొదటిది ప్రాసిక్యూటర్ నడవడి, రెండవది తొలగింపు, మూడవది నియమించే అధికారం. వీటి ఆధారంగా ఏ నియామకాన్నయినా నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు.

• నియమించిన ప్రభుత్వానికి కేసు ఫలితంలో రాజకీయ ప్రయోజనం ఉందా?
• ఆ ప్రభుత్వానికి వెలుపలివారిని, ముఖ్యంగా న్యాయవ్యవస్థను, సంప్రదించారా?
• తొలగింపునకు సరైన కారణం చూపారా?
• కోర్టులో ప్రాసిక్యూటర్ తన విధులను నిర్వర్తించారా?

శిక్ష పడిందా, కేసు కొట్టేశారా అన్న ప్రశ్న ఈ జాబితాలో లేదు. నిష్పాక్షికంగా నడిచిన కేసులోనూ నిందితుడు విడుదల కావచ్చు. ప్రాసిక్యూటర్‌కు ఒక పార్టీతో పూర్వ సంబంధం ఉన్నంత మాత్రాన పక్షపాతం రుజువైనట్లు కాదు. పక్షపాతం జరుగుతుందన్న భయానికి సహేతుకమైన ఆధారం ఉందా అన్నదే కోర్టులు చూస్తాయి. బదిలీ తీర్పుకు పునాది కూడా ఇదే.

5. సారాంశం

ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను ఎంచుకోవడంలో చట్టం ప్రభుత్వానికి విస్తృతమైన స్వేచ్ఛను ఇచ్చింది. జయలలిత కేసులో న్యాయస్థానం ఆ స్వేచ్ఛకు హద్దులు గీసింది. కాని ఆ పని జరగడానికి ఎవరో ఒకరు సుప్రీంకోర్టు దాకా వెళ్లవలసి వచ్చింది. అంత స్తోమత లేని సాధారణ బాధితుడికి అలాంటి రక్షణ అందడం కష్టం. న్యాయమూర్తిని సంప్రదించడం చట్టంలోనే తప్పనిసరి చేయాలా అన్న చర్చకు మూలం ఇదే.

6. మీ ప్రగతిని తెలుసుకోండి

I. పది పంక్తులలో సమాధానం రాయండి.
1. సాధారణ, ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్ల నియామక విధానాల మధ్య తేడా ఏమిటి?
2. 2013లో ప్రాసిక్యూటర్ తొలగింపును సుప్రీంకోర్టు ఎందుకు కొట్టివేసింది?

II. ముప్పై పంక్తులలో సమాధానం రాయండి.
1. నాలుగు ప్రశ్నల పద్ధతిని ఉపయోగించి జయలలిత కేసులోని మూడు ఘట్టాలను విశ్లేషించండి.