కర్ర కింద నాలుగు టిక్కులు

తొంభైల్లో విజయవాడలో వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరిగినవాళ్లకి 'ముస్తఫా' అంటే చాలు. క్యాప్‌కామ్ 1993లో తెచ్చిన ఆ ఆట అసలు పేరు కెడిలాక్స్ అండ్ డైనోసార్స్. అందులో ఒక వీరుడి పేరే మనవాళ్లు ఆటకి పెట్టేసుకున్నారు. నాకు మాత్రం తెర కంటే చేతికింద కర్రే ఎక్కువ గుర్తు. ఇప్పుడు ఇంట్లో ఫైటింగ్ గేమ్స్ ఆడటానికి ఆర్కేడ్ స్టిక్ కొనాలనుకునే పిల్లలకి ఆ కర్ర లోపలి సంగతే ముందు చెబుతాను.

దాని అడుగున నాలుగు మైక్రోస్విచ్‌లుంటాయి. ఈ రకం స్విచ్‌ని అమెరికాలోని ఫ్రీపోర్ట్‌లో పీటర్ మెక్‌గాల్ 1932లో కనిపెట్టాడు. లోపల వంచి బిగించిన పల్చటి రేకు. తిరునాళ్లలో కొనుక్కునే టిక్కుటిక్కు రేకు బొమ్మలాగే, కాస్త నొక్కగానే ఠక్కున అటు తిరుగుతుంది. మెల్లగా నొక్కినా దెబ్బ మాత్రం చురుగ్గానే పడుతుంది. కర్రని కుడికి తోస్తే కింది కొస ఎడమకి పోయి, ఎడమవైపున్న స్విచ్‌ని నొక్కుతుంది. మూలకి తోస్తే ఒకేసారి రెండు.

మూలకి తోయడం ఎందుకు ముఖ్యమో స్ట్రీట్ ఫైటర్ అనే ఫైటింగ్ గేమ్‌లో తెలుస్తుంది. 1987 నాటి తొలి ఆటలో కొన్ని మెషీన్లకి బటన్ల బదులు పెద్ద మెత్తలుండేవి, ఎంత గట్టిగా గుద్దితే అంత బలమైన దెబ్బ. 1991లో వచ్చిన రెండో ఆట ఆరు బటన్లతోనే ప్రపంచాన్ని ఊపేసింది. అందులో నిప్పు బంతి విసరాలంటే కింద, కింది మూల, ముందు, ఆపైన గుద్దు. ఆ మూల దొరకడమే అసలు కష్టం.

అందుకే కర్ర కదలికకి హద్దు కట్టే గేటు ముఖ్యం. సాన్వా కంపెనీ జేఎల్ఎఫ్ లీవర్‌కి (కర్రనే లీవర్ అంటారు) చదరపు గేటుంటుంది, మూలలు చేతికి వాటంతటవే తగులుతాయి. కావాలంటే ఎనిమిది పలకల గేటు మార్చుకోవచ్చు. టెక్కెన్ అనే ఫైటింగ్ గేమ్ ఆడేవాళ్లలో చాలామందికి స్ప్రింగు బదులు రబ్బరున్న కొరియా లీవర్ ఇష్టం. కొత్తవాళ్లకైతే నా ఓటు గేటు మార్చుకోగలిగినదానికే. ఇక మే నెల ఉక్కలో అరచేయి చెమర్చి గుండు పిడి జారుతుంటే, బ్యాటు ఆకారం పిడి పెట్టుకోండి.

కర్ర, బటన్లు బిగించే పెట్టె మాత్రం బరువుగా ఉండాలి. తేలికదైతే ఒళ్లో నిలవదు. లారీ బాడీలు కట్టే ఆటోనగర్ ఉన్న ఊరు మనది, పెట్టె రేకుకి 30 మిల్లీమీటర్ల బటన్ రంధ్రాలు వేయించుకోవడం ఎంతసేపు!

కొనేముందు గదిలో ఫ్యాను ఆపి, కర్రని కింద నుంచి ముందుకి నెమ్మదిగా తిప్పండి. ఒక టిక్కు, మూలలో రెండోది, ఆ తర్వాత మొదటిది విడిచిన చిన్న చప్పుడు.